ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ కోర్టులు ఎవరివి?

విజయవాడలోని మా క్లబ్బు కార్యవర్గానికి ఒక సభ్యురాలి బహిరంగ లేఖ



కొన్నాళ్ల కిందట ఒక మంగళవారం సాయంత్రం ఆరుంపావుకి షటిల్ హాల్లో గోడవార ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన మాస్టారు. మీ అందరికీ తెలిసినాయనే. డెబ్బై దాటినా నెట్ దగ్గర ఆయన చెయ్యి ఇంకా మెత్తగా ఆడుతుంది. టవలు మెడ చుట్టూ వేసుకుని, రాకెట్ ఒళ్లో పెట్టుకుని మూడో నంబరు కోర్టు వంక చూస్తున్నారు. ఒకటి, రెండు కోర్టుల్లో కోచింగ్ అకాడమీ పిల్లలు. నాలుగులో యాప్‌లో బుక్ చేసుకున్న నలుగురు. మూడో కోర్టులో ఎవరూ లేరు. నెట్ కట్టే ఉంది, లైట్లు ఆర్పేసి ఉన్నాయి. పక్క కోర్టు వెలుగు గీత దాటి కొంచెం లోపలికి పడుతోంది, అంతే.

హాలు చూసుకునే అబ్బాయిని అడిగాను. "అది పర్మనెంట్ స్లాట్ మేడం. వాళ్లు ఇవాళ రాలేదు. నేను లైటు వేస్తే రేపు నన్నడుగుతారు" అన్నాడు. అతని తప్పేమీ లేదు. ఏడున్నర దాకా చూశాం. ఎవరూ రాలేదు. మాస్టారు లేచి గుమ్మం దగ్గర కూర్చుని షూ విప్పుకున్నారు. బయటి చెప్పులతో హాల్లోకి రానివ్వరు కాబట్టి ఆయన షూ సంచిలో తెచ్చుకుంటారు. ఒక్క అడుగు కూడా ఆడని షూ మళ్లీ సంచిలో పెట్టుకుని, "రేపు చూద్దాంలే అమ్మా" అని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

అందుకే ఈ ఉత్తరం. ఇదివరకు రెండుసార్లు కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చాను. ఒకసారి కార్యదర్శి గారు పిలిచి మర్యాదగానే మాట్లాడారు, చూస్తామన్నారు. ఆరు నెలలైంది. ఇప్పుడు అందరూ చదివేలా రాయడానికి కారణం మిమ్మల్ని చిన్నబుచ్చడం కాదు. క్లబ్బు పేరు ఇందులో ఎక్కడా రాయలేదు. అసలు ఇది మన ఒక్క క్లబ్బు గొడవ కాదు. హైదరాబాదులో మా చెల్లెలు ఉండే అపార్ట్‌మెంటులో ఇదే, గుంటూరులో మా స్నేహితురాలి క్లబ్బులో ఇదే. డబ్బు కట్టినవాళ్లు బెంచీ మీద కూర్చోవడం, కోర్టు ఖాళీగా ఉండటం, అడిగితే 'బుక్ అయింది' అని జవాబు రావడం.

నా సంగతి చెప్పాలి. నేను జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కల టీచర్ని. చిన్నప్పుడు మా ఊరి బడిలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. మట్టి కోర్టు, పసుపుపచ్చ ఉన్ని బంతి, పక్కకి ఐదుగురు. ఈ జిల్లాల్లో నా వయసు ఆడవాళ్లు చాలామంది ఆ ఆటతోనే రాకెట్ పట్టారు. పెళ్లయ్యాక పన్నెండేళ్లు దాన్ని ముట్టుకోలేదు. షుగరు గీతకి దగ్గరగా వచ్చిందని డాక్టరు గారు చెప్పిన ఏడాది ఈ క్లబ్బులో చేరాం. 2009లో. పదివేల అడుగులు నడవమన్నారు గానీ నాకు నడక రుచించదు, ఆటైతే గంట ఎలా గడిచిందో తెలియదు. ఆ హాలు నాకు ఆరోగ్యం ఇచ్చింది. అక్కడే నాకు స్నేహాలు దొరికాయి. మా అమ్మ పోయిన నెల్లో నన్ను మనిషిగా నిలబెట్టినవి ఆ సాయంత్రాలే. అందుకే ఇంత బాధ.

అప్పట్లో యాప్ లేదు. బెంచీ మీద రాకెట్ల వరస ఉండేది. వచ్చినవాళ్లు వచ్చినట్టు రాకెట్ తీసి వరసలో పెట్టేవాళ్లం. కోర్టు ఖాళీ కాగానే ముందున్న నాలుగు రాకెట్లు లేచేవి. ఆడినవాళ్లు దిగి మళ్లీ చివర పెట్టేవాళ్లు. బ్యాంకు మేనేజరుగారి ఖరీదైన రాకెట్ పక్కన మెడికల్ షాపు కుర్రాడి పాత రాకెట్ ఉండేది, వంతు వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే జట్టయ్యేవాళ్లు. నేను బ్యాక్‌హ్యాండ్ నేర్చుకున్నది అలాగే, నాకంటే నాలుగు రెట్లు బాగా ఆడే ఒకాయన వంతు నా పక్కన పడబట్టి. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధు, కరోలినా మారిన్ ఆడుతుంటే మనందరం ఆఫీసు గదిలో టీవీ ముందు నిలబడి చూశాం, గుర్తుందా? మర్నాడు బెంచీ మీద రాకెట్లు పట్టలేదు, కింద నేల మీద పెట్టాం. అయినా ఎవరూ ఆడకుండా ఇంటికి వెళ్లలేదు.

ఎందుకు వెళ్లలేదో లెక్కలో చూపిస్తాను, అది నా వృత్తి. 2006లో కొత్త పద్ధతి వచ్చాక గేము 21 పాయింట్లకి, సర్వీసు ఎవరిదైనా పాయింటు లెక్కే. మనలాంటివాళ్ల డబుల్స్ గేము పన్నెండు పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అంటే గంటకి నాలుగు గేములు. గేముకి నలుగురు దిగి నలుగురు ఎక్కితే ఒక కోర్టు మీద గంటలో 16 వంతులు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నాలుగు కోర్టులూ అలా నడిస్తే 128 వంతులు. 64 మంది వచ్చినా తలా రెండు గేములు ఆడి, చెమట తుడుచుకుంటూ ఇంటికి పోవచ్చు.

ఇప్పుడో? గంట మొత్తం ఒకే నలుగురిది. రెండు గేములు ఆడి, నీళ్లు తాగి, ఫోను చూసుకుని, మూడోది ఆడి, మిగిలిన పావుగంట కబుర్లు చెప్పుకున్నా ఆ కోర్టు వాళ్లదే. రెండు కోర్టులు అకాడమీకి పోయాయి, ఒకటి పర్మనెంట్ గ్రూపుకి పోయింది. సభ్యులకి యాప్‌లో మిగిలింది ఒకే ఒక్క కోర్టు. రెండు గంటలకి ఎనిమిది మంది. 64 మంది ఆడిన చోట ఎనిమిది మంది. హాలు అదే, మ్యాటు అదే, కరెంటు బిల్లు అదే. మారింది పంచే పద్ధతి.

ఆ యాప్ ఎందుకు వచ్చిందో నాకు గుర్తుంది. కరోనా తర్వాత హాలు తెరిచినప్పుడు జనం గుమిగూడకూడదని పెట్టారు. బెంచీల మీద కూర్చోవద్దన్నారు, కోర్టుకి నలుగురే అన్నారు. అప్పుడు అది సబబే, మేమందరం ఒప్పుకున్నాం. జబ్బు పోయింది, మాస్కులు పోయాయి, గుమ్మం దగ్గర శానిటైజరు సీసా కూడా పోయింది. పద్ధతి మాత్రం ఉండిపోయింది. ఎవరూ కూర్చుని 'ఇది ఇంకా అవసరమా' అని అడిగినట్టు నాకు తెలియదు. ఆ ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నాను.

యాప్ రాత్రి పదింటికి తెరుచుకుంటుంది. అర నిమిషంలో మర్నాటి సాయంత్రం అంతా నిండిపోతుంది. ఆ అర నిమిషం ఎవరిదో ఆలోచించండి. వేళ్లు చురుగ్గా కదిలే పాతికేళ్ల కుర్రాళ్లది. మాస్టారి ఫోనులో యాప్ ఎక్కడుందో ఆయనకి మనవడు వెతికిపెట్టాలి.

నా విషయం ఇంకోలా ఉంది. మన క్లబ్బులో కుటుంబ సభ్యత్వం ఇంటి యజమాని పేరు మీదే ఉంటుంది, అంటే మా ఇంట్లో మావారి పేరు మీద. సభ్యత్వానికి ఒకే ఫోను నంబరు, ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. మావారు రైల్వేలో లోకో పైలట్. బండి నడిపేటప్పుడు ఫోను కట్టేసి ఉంచాలి, అది నిబంధన, వందల ప్రాణాల సంగతి. రాత్రి పదింటికి ఆయన ఏ బాపట్లకో తునికో అవతల ఇంజనులో ఉంటే, నా ఓటీపీ కట్టేసిన ఫోనులో పడి ఉంటుంది. ఆయన డ్యూటీ దిగి ఫోను తెరిచేసరికి తెల్లారుతుంది. 2009 నుంచి ఈ క్లబ్బులో ఆడుతున్నదాన్ని నేను. ఆయన పట్టుమని పది రోజులు కూడా రాకెట్ పట్టలేదు. ఆఫీసులో అడిగితే, "మీరు డిపెండెంట్ కదమ్మా, మెయిన్ మెంబరు నంబరే పెట్టగలం" అన్నారు. జనరల్ బాడీలో ఓటు కూడా మెయిన్ మెంబరుదే. ఆ హాల్లో ఆడే ఆడవాళ్లలో చాలామందిమి ఈ డిపెండెంట్లమే. మా గురించి తీర్మానాలు జరిగేచోట చెయ్యెత్తే హక్కు మాకు లేదు. ఈ ఒక్క వాక్యం దయచేసి రెండుసార్లు చదవండి.

ఆడవాళ్లకి వేరే టైము ఇచ్చాం కదా అంటారు. ఇచ్చారు, కాదనను. పదకొండు నుంచి మూడు దాకా 'లేడీస్ అవర్స్' అని బోర్డు ఉంది. ఆ వేళకి ఎవరు రాగలరు? నేను బడిలో తొమ్మిదో తరగతి వాళ్లకి త్రికోణాలు చెబుతుంటాను. బ్యాంకు వాళ్లు కౌంటర్లో ఉంటారు. ఇంటిపట్టున ఉండేవాళ్లయినా అత్తమామలకి అన్నం పెట్టే వేళ అది. పోనీ వీలు చూసుకుని ఎవరైనా వచ్చారనుకుందాం. రేకుల కప్పున్న హాలు. మన ఊళ్లో మే నెలలో ఎండ 45 డిగ్రీలకి చేరే రోజులు మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్యాను వేసుకోవడానికి లేదు, ఐదు గ్రాముల కాక్ ఆ గాలికి ఎటో పోతుంది. తలుపులు తీసినా అంతే. అలాంటి వేళని ఎవరూ అడగలేదు కాబట్టి ఆడవాళ్లకి రాసిపెట్టారు. ఆడవాళ్లు ఆ వేళకి రాకపోతే 'లేడీస్‌కి ఇంట్రెస్టు లేదు' అని రిజిస్టరు చూపిస్తారు. పోయిన ఏడాది మీటింగులో ఈ మాట అన్నారని మావారు వచ్చి చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక అకాడమీ సంగతి. ఇక్కడ తొందరపడి మాట్లాడకూడదు. పిల్లలకి కోచింగ్ వద్దని నేను ఎప్పుడూ అనను. ఈ ఆటలో మన నేలకి ఉన్న పేరు కోచింగ్ వల్లే వచ్చింది. నాగండ్లలో పుట్టిన గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రకాశ్ పదుకొనె తర్వాత ఆ కప్పు పట్టుకొచ్చింది ఆయనొక్కడే. చేతన్ ఆనంద్ మన విజయవాడ వాడు, నాలుగుసార్లు జాతీయ చాంపియను. గుంటూరు శ్రీకాంత్ 2018లో ప్రపంచంలో ఒకటో నంబరు అయ్యాడు. అమలాపురం సాత్విక్, చిరాగ్‌తో కలిసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. మన పిల్లలు వీళ్లని చూసి రాకెట్ పట్టుకుంటామంటే అంతకన్నా ఏం కావాలి? కోర్టుకి తలల లెక్క చూసినా, అకాడమీ కోర్టు మీద ఒకేసారి పదిమంది పిల్లలు ఉంటారు, నలుగురు పెద్దవాళ్లకంటే ఎక్కువే. ఈ వాదనలో బలం ఉంది.

కానీ ఆ చాంపియన్లు ఏ వేళకి ప్రాక్టీసు చేశారు? గోపీచంద్ అకాడమీలో తెల్లవారుజామున నాలుగు, నాలుగున్నరకే పిల్లలు కోర్టు మీద ఉండేవాళ్లని, సింధు ఆ చీకట్లోనే వెళ్లేదని అందరం చదివాం. మన హాల్లో తెల్లవారుజామున ఒక్క కోర్టూ నడవదు, ఆరింటికి గాని తాళం తియ్యరు. బళ్లు వదిలాక నాలుగు నుంచి ఆరు దాకా పెద్దవాళ్లు చాలామంది రాలేరు, ఇంకా దారిలోనే ఉంటారు. ఆ రెండు గంటలూ నాలుగు కోర్టులూ పిల్లలకే ఇవ్వండి. మేము సంతోషంగా చూస్తాం, నేనైతే బడి నుంచి తిన్నగా వచ్చి చిన్నపిల్లలకి కాక్ వేసి పెడతాను కూడా. ఆరు దాటాక వాళ్లకి ఒక్క కోర్టు. ఆరు దాటాక ఒక కోర్టు తగ్గినా, మొత్తం మీద పిల్లలకి పోయేది ఏమీ లేదు. పోయేదల్లా, అకాడమీ నడిపే కాంట్రాక్టరు గారు ఆరింటి బ్యాచ్‌కి వసూలు చేసే ఫీజు. సాయంత్రం బ్యాచ్‌కి గిరాకీ ఎక్కువ, అది నాకూ తెలుసు.

ఇంకొకటి ఉంది. మా లైనులో ఉండే సభ్యుడి కూతురు, పద్నాలుగేళ్లది. ఆ పిల్లకి ఆటంటే పిచ్చి. నాన్న చిన్న ఉద్యోగి. క్లబ్బు సభ్యత్వం వాళ్ల తాతగారి కాలం నాటిది, నెల చందా కట్టగలరు గాని దాని మీద అకాడమీ ఫీజు కూడా అంటే కష్టం. ఓ సాయంత్రం ఆ పిల్ల రెండో కోర్టు చివర గీత మీద నిలబడి గోడకి కాక్ కొట్టుకుంటోంది. కోచ్ వచ్చి, "అకాడమీ పిల్లలు మాత్రమే" అని పక్కకి పంపించాడు. అకాడమీ పిల్లల్లో సగం మంది తల్లిదండ్రులు మన సభ్యులు కారు. సభ్యుడి పిల్లని సభ్యుల హాల్లోంచి పక్కకి జరిపి, బయటి పిల్లలకి చోటిచ్చాం. బయటి పిల్లల మీద నాకు ద్వేషం లేదు, వాళ్లూ మన ఊరి పిల్లలే. కానీ ఆ పిల్ల ముఖం ఎర్రబడింది, ఎవరూ చూడలేదనుకుని రాకెట్ కవరు జిప్పు రెండుసార్లు తీసి మూసింది. నేను చూశాను.

పర్మనెంట్ స్లాట్ల గురించి రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే ఆ గ్రూపులో నాకు కావాల్సినవాళ్లున్నారు. మంచి ఆటగాళ్లు, మంచి మనుషులు. కొందరు కార్యవర్గంలోనే ఉన్నారు. హాలు కట్టేటప్పుడు వాళ్ల చెమట ఉంది, విరాళాలున్నాయి, ఆ కృతజ్ఞత నాకుంది. కానీ విరాళం హాలుకి ఇచ్చారు, గంటకి కాదు. మూడో కోర్టు మంచి కోర్టు, తలుపు నుంచి గాలి కొట్టదు, లైటు కళ్లలో పడదు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులూ ఆ రెండు గంటలు ఒకే గ్రూపు పేరు మీద ఉంటాయి. ఆ మంగళవారం జరిగింది చూశాక నేను రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పన్నెండు సాయంత్రాల్లో ఐదు సాయంత్రాలు ఆ కోర్టు పూర్తిగా చీకట్లో ఉంది. మరో మూడు సాయంత్రాలు ఏడు దాటాక ఎవరూ లేరు. ఆ నోటుబుక్కు తెస్తాను, చూడండి. రానందుకు వాళ్లని తప్పు పట్టడం లేదు, పనులుంటాయి, పెళ్లిళ్లుంటాయి. రానిరోజు ఆ కోర్టు బెంచీ మీదున్నవాళ్లకి దక్కకపోవడం మాత్రం తప్పే.

స్విమ్మింగ్ పూల్ గురించి, జిమ్ము గురించి సభ్యులు నన్ను రాయమన్నవి చాలా ఉన్నాయి. వేసవి క్యాంపు పేరుతో ఏప్రిల్, మే నెలల్లో పూల్ అంతా పోతుందని, జిమ్ములో పర్సనల్ ట్రైనింగ్ తీసుకునేవాళ్లకే మిషన్లు ముందు దొరుకుతాయని, టెన్నిస్ కోర్టు మీద రిసెప్షన్‌కి షామియానా వేశారని. అవి వాడేవాళ్లే రాస్తే బాగుంటుంది. నాకు తెలిసింది షటిల్ హాలు. అయినా ఒక సంగతి చెప్పాలి. అన్నిచోట్లా కొసకి వచ్చేది ఒకటే. ఎవరికి ఎప్పుడు ఎందుకు ఇచ్చారో గోడ మీద రాసి ఉండదు. ఆఫీసులో ఒకరి తలలో ఉంటుంది. అడిగితే చెబుతారు, అడిగినవాళ్ల మొహం చూసి చెబుతారు.

డబ్బు సంగతి మీరు చెబుతారని తెలుసు. అకాడమీ కాంట్రాక్టు వల్ల వచ్చే ఆదాయంతోనే మ్యాట్లు మార్చామని, జీతాలు ఇస్తున్నామని. అది నిజమైతే మాకు చూపించండి. కాంట్రాక్టు ఎంతకి, ఎన్నేళ్లకి, ఏయే వేళలు రాసిచ్చారు? నెల కరెంటు బిల్లు ఎంత? ఈ నాలుగు అంకెలు నోటీసు బోర్డు మీద పెట్టండి. చందా పెంచితే గాని సాయంత్రాలు సభ్యులకి ఇవ్వలేమని తేలితే, పెంచమని మొదట చెయ్యెత్తేది మావారే, నేను ఆయనతో మాట్లాడతాను. లెక్క తెలిస్తే మనుషులు ఒప్పుకుంటారు. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను, 'ఎలా వచ్చిందో చూపించండి మేడం' అని అడిగిన పిల్లని నేను ఎప్పుడూ కోప్పడలేదు.

మన క్లబ్బు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందికి వచ్చే సంఘం. నిర్వహణలో వివాదం వస్తే సభ్యులు మధ్యవర్తిత్వానికి వెళ్లవచ్చు, జిల్లా కోర్టుకీ వెళ్లవచ్చు, చట్టంలోనే ఉంది. అలా వెళ్దామని అడిగినవాళ్లున్నారు. నేను వద్దన్నాను. రోజూ ఎదురుపడే మనుషులం, ఒకరి ఇంటి శుభకార్యానికి ఒకరం వెళ్లేవాళ్లం. కూర్చుని మాట్లాడుకుంటే తేలే సంగతి ఇది.

నా ఉద్యోగంలో ఒక పని ఉంది, అది ఇక్కడ పనికొస్తుంది. మా బడిలో ప్రతి జూన్‌లో టైంటేబుల్ వేసేది నేనే. అందరికీ మొదటి పీరియడే కావాలి, ఉదయం పిల్లల బుర్ర తాజాగా ఉంటుంది. భోజనం తర్వాత పీరియడ్ ఎవరికీ వద్దు, పిల్లలు నిద్రపోతారు. ఆటస్థలం ఒకటే, సెక్షన్లు పన్నెండు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్‌మిస్ట్రెస్ గారు చార్టు పేపరు నా ముందు పరిచి, "నీ పీరియడ్లు అందరికంటే ఆఖర్న రాయి" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు. మొదటి ఏడాది నా పీరియడ్లన్నీ మధ్యాహ్నానికే పడ్డాయి. కానీ స్టాఫ్ రూములో గోడకి ఆ చార్టు అంటించిన రోజు ఒక్కరూ గొడవ పడలేదు. అందరూ ముందు నా గడి చూశారు, తర్వాత వాళ్ల గడి చూసుకున్నారు. మంచి పీరియడ్ ఎవరికీ శాశ్వతం కాదు, టర్ముకోసారి మారుతుంది. ఒక టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్ ఖాళీగా వదలం, ఎవరో ఒకరు క్లాసులోకి వెళతారు.

హాలుకీ అదే చెయ్యమంటున్నాను. ఆరు నుంచి ఎనిమిది దాకా రెండు కోర్టులు యాప్‌లో పెట్టకండి, వాటికి మళ్లీ బెంచీ మీద రాకెట్ల వరస పెట్టండి. మూడో కోర్టు బుకింగ్‌కి ఉండనివ్వండి, నాలుగోది పిల్లలకి. బుక్ చేసినవాళ్లు పది నిమిషాల్లో రాకపోతే బెంచీ మీదున్నవాళ్లు ఎక్కాలి, హాలు అబ్బాయి ఎవరినీ అడగకుండా లైటు వెయ్యాలి. అతనికి ఆ మాట మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి, లేకపోతే పాపం అతను భయపడతాడు. పర్మనెంట్ అనే మాటే తీసేయండి. కావాలంటే ఆ స్లాటు మూడు నెలలకోసారి చీటీ వేసి మార్చండి. వారంలో రెండు సాయంత్రాలు, ఏడు నుంచి ఎనిమిది, ఒక కోర్టు ఆడవాళ్లకి రాయండి. మూడు నెలలు చూడండి. ఎవరూ రాకపోతే తీసేయండి, నేను నోరెత్తను. సభ్యత్వం ఎవరి పేరు మీదున్నా, ఆడే ప్రతి మనిషి ఫోను నంబరూ యాప్‌లో ఎక్కించండి. ఇది ఒక్క రోజు పని, కంప్యూటరు చూసే అమ్మాయిని నేను అడిగాను, అవుతుందంది. ఓటు సంగతి జనరల్ బాడీలో పెట్టాలి, దానికి టైము పడుతుందని తెలుసు. అజెండాలో ఎక్కించండి చాలు.

ఇవన్నీ నా మాటలుగా తీసుకోకండి. ఈ ఉత్తరం మీద సంతకాలు పెట్టినవాళ్లలో పర్మనెంట్ గ్రూపులోని ఇద్దరున్నారు. వాళ్లంతట వాళ్లే వచ్చి, "మేం రానిరోజు ఎవరైనా ఆడుకోండమ్మా, మాకు తెలియనే తెలియదు కోర్టు అలా ఉంటోందని" అన్నారు. అది విని నాకు చాలా ధైర్యం వచ్చింది. అకాడమీలో పిల్లల్ని వేసిన తల్లిదండ్రులు నలుగురున్నారు. మాస్టారి సంతకం కోసం వాళ్లింటికి వెళ్లాను. ముందు వద్దన్నారు, "నా ఒక్కడి కోసం ఎందుకమ్మా గొడవ" అన్నారు. కాఫీ ఇచ్చారు. రాకెట్ టీవీ వెనక గోడకి తగిలించి ఉంది. కాసేపు ఆగి కళ్లజోడు తెమ్మని మనవడికి చెప్పి, ఉత్తరం మొత్తం చదివి, చివర సంతకం పెట్టారు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మీటింగు హాల్లో కార్యవర్గం కూర్చుంటుందని నోటీసు చూశాను. అరగంట మాకివ్వండి. చార్టు పేపరు, స్కేలు, పెన్సిలు నేనే తెస్తాను. గడులు మీ ముందే గీస్తాను, నా పేరు ఆఖర్న రాస్తాను.

ఇట్లు,
మీ క్లబ్బులోని ఒక డిపెండెంట్ సభ్యురాలు,
విజయవాడ